పేరు వెంట వచ్చే మాట

పోయిన వారం మనల్ని రికార్డింగ్ గది గుమ్మం దగ్గర వదిలేశాను. అక్కడి దాకా జరిగింది క్లుప్తంగా ఇది. బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే అనౌన్సరు ముస్లిం. అతని చిన్ననాటి స్నేహితుడు క్రైస్తవుడు, రేడియోలు బాగుచేసే షాపు వెనక చిన్న రికార్డింగ్ గది నడుపుతాడు. ఊళ్లో అందరూ అతన్ని తీగలాయన అంటారు. తీగలాయన తల్లికి చూపు పోయింది. మంచం దిగలేని ఆ ముసలమ్మ కోరిన కోరిక ఒక్కటే, సువార్త మొత్తం అనౌన్సరు గొంతుతో వినాలని. చిన్నప్పుడు తనకు అన్నం కలిపి పెట్టిన పెద్దమ్మ అడిగితే అనౌన్సరు కాదనలేకపోయాడు. చదవడం మొదలుపెట్టాడు. చదివినంత వరకు చర్చి వాళ్లకు నచ్చి, కాపీలు చేయించి చూపు లేనివాళ్లకు పంచారు. అక్కడ బయటపడింది సంగతి. యేసు పేరు వచ్చిన ప్రతిచోటా దాని వెంటే సన్నగా ఇంకో మాట వినిపిస్తోంది. పుస్తకంలో లేని మాట. అదేమిటో తేల్చుకోవడానికి పాస్టరుగారు వచ్చారు. ఆయన నోరు విప్పేలోపు గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. వచ్చింది అనౌన్సరు మామగారు. మసీదులో పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే మనిషి. "ఈ చదువు ఆపకపోతే నా కూతుర్ని నా ఇంటికి తీసుకుపోతాను" అని ముందురోజే కబురు పంపిన మనిషి.

పెద్దమ్మకు చదవాల్సింది ఇక చివరి భాగం ఒక్కటే మిగిలింది.

మామ లోపలికి వచ్చి ముందు పైకి చూశాడు. ఫ్యాను ఉంది, తిరగడం లేదు. గోడల నిండా పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీసి ఉన్నాయి. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. గది మధ్య అద్దం పెట్టి రెండు చేశారు. అద్దానికి అవతల మైకు, స్టాండు, ఒక ముక్కాలి పీట. ఇవతల కంప్యూటరు, రెండు కుర్చీలు.

"ఇందులో మనుషులు బతుకుతారా?" అన్నాడు మామ, భుజం మీది రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"బతకరు బాబాయ్. చదువుతారు, అంతే. ఫ్యాను వేస్తే ఆ చప్పుడు మైకులో పడుతుంది," అన్నాడు తీగలాయన.

ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు లేచి కుర్చీ ఇవ్వబోయారు. ఆయన వయసులో చిన్నవాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, హెల్మెట్ ఒళ్లో ఉంది.

"కూర్చోండి మౌల్వీగారూ."

"మీరు ముందొచ్చారు అయ్యగారూ, మీరే కూర్చోండి."

"పెద్దవారు నిలబడితే నేనెలా కూర్చుంటాను?"

"నిలబడటం నాకు అలవాటే. పిల్లలు కూర్చుని చదువుతారు, నేను నిలబడి వింటాను."

రెండో కుర్చీ ఖాళీగానే ఉంది. కానీ అది కదిలితే కిర్రుమంటుందని తీగలాయన దానిమీద వైర్ల చుట్టలు పెట్టాడు. అవి తీసి ఇస్తే సరిపోయేది. అతనికి తోచలేదు. చివరికి ఇద్దరూ నిలబడ్డారు.

అనౌన్సరు లోపలి గది తలుపు దగ్గరే ఉన్నాడు. చేతిలో సగం కొరికిన యాపిల్ ముక్క. చాలాసేపు చదివితే నోరు జిగురుగా అయి మాటకు మాటకు మధ్య చిటుకు చిటుకుమంటుంది. పుల్లటి యాపిల్ కొరికితే అది పోతుంది. ఇప్పుడు ఆ ముక్కను తినాలో పారేయాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"వినిపించు," అన్నాడు మామ.

తీగలాయన మీట నొక్కాడు. స్పీకరులో అనౌన్సరు గొంతు వచ్చింది. బస్టాండు గొంతు కాదు. అందులో ఆ సాగదీత లేదు. ఒక ఇంటి వసారాలో కూర్చుని దగ్గరివాళ్లకు చెప్పినట్టు ఉంది. గుడ్డివాడికి చూపు వచ్చిన కథ. యేసు అనే పేరు వచ్చింది. వెంటనే, ఊపిరిలో ఊపిరిగా, "అలైహిస్సలాం" అన్న మాట వచ్చింది. ఆ తర్వాత వాక్యం యథాప్రకారం నడిచింది. మళ్లీ పేరు. మళ్లీ ఆ మాట.

కంప్యూటరు తెర మీద గొంతు అలలు అలలుగా కదులుతోంది. పెద్ద అల వెనక ఒక చిన్న అల. ప్రతి పేరు వెనకా ఉంది.

"ఆయనకు శాంతి కలగాలి అని అర్థం," అన్నాడు మామ పాస్టరుగారితో. "ప్రవక్తల పేరు తలిస్తే మేం అంటాం. అనకపోతే మర్యాద కాదు. వాడు కావాలని అని ఉండడు. చిన్నప్పటి నుంచీ నోటికి పట్టిన మాట."

"తెలుసండీ," అన్నారు పాస్టరుగారు. "గౌరవంగానే అన్నారని నాకు తెలుసు. మా దగ్గర చూపు లేని రిటైర్డ్ మేష్టారు ఒకాయన ఉన్నారు. ఇది కొత్త అనువాదమా అని అడిగారు. ఇంకో ముసలమ్మ అయితే ప్రార్థనలో తనే ఆ మాట అనడం మొదలుపెట్టింది. అర్థం తెలీదు. వినడానికి బాగుందట."

"బాగుందా?" అన్నాడు మామ. ఆయన మూతి చివర చిన్న కదలిక కనిపించింది. వెంటనే పోయింది.

"బాగుండటంతోనే వచ్చింది చిక్కు." పాస్టరుగారు హెల్మెట్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మౌల్వీగారూ, మీరు ఏమీ అనుకోనంటే చెబుతాను. మా నమ్మకంలో శాంతి ఇచ్చేవాడు ఆయనే. ఆయనకే శాంతి కలగాలని మనం కోరితే, ఆయన కూడా మనలాగే దేవుడి ముందు చెయ్యి చాచే మనిషని చెప్పినట్టు అవుతుంది."

"మేం చెప్పేది అదే కదా అయ్యగారూ. ఆయన మనిషే. గొప్ప ప్రవక్త, మరియమ్మ కొడుకు. కానీ మనిషే."

"మీరు చెప్పేది అదేనని నాకు తెలుసు. మీ మసీదులో మీరు చెప్పుకోండి, నేను అడ్డం రాను. నా సువార్త మధ్యలో అది ఎలా ఉంటుంది?"

అనౌన్సరుకు ఒళ్లంతా చెమట పట్టింది. మామకు కోపం వస్తుందని అతను ఎదురుచూస్తున్నాడు. మామ కోపం అతనికి తెలుసు. ముందు గడ్డం నిమురుకుంటాడు, తర్వాత గొంతు తగ్గుతుంది. మామ గడ్డం నిమురుకున్నాడు.

"నిజమే," అన్నాడు.

పాస్టరుగారు తలెత్తారు.

"మీరన్నది నిజమే. దేవుడి మాట అని మీరు నమ్మే పుస్తకంలో మీది కాని మాట కలవకూడదు. మా పుస్తకంలో ఎవరైనా ఒక్క అక్షరం చేరిస్తే నేను ఊరుకుంటానా? పిల్లవాడు చదువుతూ ఒక దీర్ఘం ఎక్కువ తీస్తేనే ఆపి మళ్లీ చదివిస్తాను. మర్యాదకే అన్నా, కలిపింది కలిపినట్టే."

"మీరు ఇలా అర్థం చేసుకుంటారని అనుకోలేదండీ."

"అర్థం చేసుకోవడానికి ఏముంది? పుస్తకం విలువ తెలిసినవాళ్లం కదా ఇద్దరం."

చిన్న గదిలో ఒక బరువు దిగినట్టు అయింది. తీగలాయన ఊపిరి వదిలాడు. అయితే ఆ మాట తీసేస్తే సరిపోతుంది, కోసేద్దాం అనబోయాడు. మామ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇంకో మాట కూడా ఉంది. ఆ మాట తీసేస్తే మిగిలేది ఏమిటి? మా అల్లుడి గొంతు, మీ నమ్మకం. దేవుడికి కొడుకున్నాడని మా వాడి నోటితో వినిపిస్తుంది. ప్రవక్త పేరు తలచి శాంతి కూడా కోరలేదని వినిపిస్తుంది. అది మాకు పనికిరాదు. కలిపితే మీకు తప్పు, కలపకపోతే మాకు తప్పు. అంటే ఏం చెయ్యాలి అయ్యగారూ? మీరే చెప్పండి."

పాస్టరుగారు అద్దం వైపు తిరిగారు. అద్దంలో తన నీడనే చూసుకుంటున్నట్టు ఉన్నారు. "ఆయన చదవకపోవడమే మంచిదేమో," అన్నారు మెల్లగా.

"అదీ మాట," అన్నాడు మామ.

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకుని తల ఊపారు. మంచి మనుషులు ఇద్దరూ. గట్టిగా ఒక్క మాట అనుకోలేదు. కుర్చీ దగ్గర చేసిన మర్యాదే ఇక్కడా చేసుకున్నారు. ఆ మర్యాద మధ్య అనౌన్సరు నోరు మూసేశారు.

అనౌన్సరు యాపిల్ ముక్కను కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఇద్దరూ కలిసి బాగానే తేల్చారు," అన్నాడు. "మీ ఇద్దరికీ పడకపోతే నాకు కొంచెం చోటు మిగిలేది. పడింది కాబట్టి అది కూడా లేదు. మరి మంచంలో ఉన్న ఆవిడకు ఎవరు చెబుతారు? మామా, మీరు చెబుతారా?"

"నేనెందుకు చెబుతాను?"

"అయ్యగారూ, మీరు?"

"నేను చదువుతాను ఆమెకు. చివరి భాగం నేను స్వయంగా వెళ్లి చదువుతాను."

"మీరు చదివితే వినదండీ," అన్నాడు తీగలాయన. "మీరేమీ అనుకోకండి. మీరు చదువుతుంటే మా అమ్మకు చర్చిలో తిప్పే కానుకల పెట్టె గుర్తొస్తుందట."

ఈసారి మామ నవ్వాడు. పాస్టరుగారు కూడా నవ్వాల్సి వచ్చింది. కానీ తీగలాయన నవ్వలేదు. అతను తెర మీద చిన్న అలల వైపు చూస్తూ అన్నాడు.

"నేను చెప్పాల్సింది ఒకటుంది. ఆ మాట నాకు మొదటి రోజే వినిపించింది. మొదటి అధ్యాయంలో అన్నీ కోసేశాను. శుభ్రంగా చేసి అమ్మకు వినిపించాను. విని, 'పేరు చెప్పగానే వాడు ఏదో అంటాడే, అదేదీ?' అంది. ముందురోజు వీడు చదువుతుంటే మంచంలోంచే నా ఫోనులో విన్నది కదా. నేను అర్థం చెప్పాను. 'వాడు మనింటికి వచ్చి మనవాళ్ల పేరెత్తి మర్యాద చేస్తుంటే నువ్వెవడివిరా కొయ్యడానికి, మళ్లీ పెట్టు' అంది. పెట్టాను. చర్చికి కాపీ ఇచ్చేటప్పుడైనా తీసి ఉండాల్సింది. పని ఒత్తిడిలో అమ్మ కాపీనే అందరికీ వెళ్లిపోయింది. వీడి తప్పు లేదు. నాది."

"ఒరేయ్, నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అనౌన్సరు.

"చెబితే నువ్వు జాగ్రత్త పడతావు. జాగ్రత్త పడితే నీ గొంతు బస్టాండు గొంతైపోతుంది. ఒలీవల కొండ అని నువ్వంటే, అక్కడికి బస్సు ఎన్నింటికి అని అడగాలనిపిస్తుంది."

బయట రోడ్డు మీద ఏదో లారీ ఆగి, ఇంజను ఆపకుండా గుర్రుగుర్రుమంటోంది. తీగలాయన అలవాటుగా తలుపు సందులోకి బొంత తోశాడు. వేడి ఇంకా పెరిగింది. పాస్టరుగారు జేబురుమాలుతో నుదురు ఒత్తుకున్నారు. ఎవరికీ అక్కడ ఉండాలని లేదు, ఎవరూ కదలడం లేదు.

"మామా," అన్నాడు అనౌన్సరు. "పేరు వచ్చినప్పుడు నేను నోటితో అనను. ఆగుతాను. ఆ మాట పట్టేంత సేపు ఆగి, మనసులో అనుకుంటాను. మైకులో ఏమీ పడదు. వాళ్ల పుస్తకంలో ఏమీ కలవదు. మీరే చెబుతారు కదా, దేవుడు చూసేది మనసులో ఉన్నదాన్ని అని."

మామ పాస్టరుగారి వైపు చూశాడు.

"మౌనం కలిపితే కలిపినట్టు కాదు," అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా. "వాక్యం చదివేటప్పుడు నేనూ ఆగుతాను."

"నువ్వు దేవుడికి కొడుకున్నాడన్న మాట చదివినప్పుడు మనసులో ఏమనుకున్నావు?" అని అడిగాడు మామ అల్లుణ్ని.

"ఇది వాళ్ల సామాను, నేను మోస్తున్నాను అనుకున్నా. బస్టాండులోనూ అంతే కదా మామా. బస్సు నాది కాదు, వెళ్లే ఊరు నాది కాదు. పిలుపు మాత్రమే నాది."

"అది కుదరదు అల్లుడూ." మామ గొంతు తగ్గింది. "నేను జీవితమంతా పిల్లలకు చదివించింది ఎందుకు? అర్థం తెలియని వయసులో కూడా ఎందుకు చదివించాను? నోటితో మళ్లీ మళ్లీ చదివితే అది లోపలికి దిగుతుందని. దిగదు, అది సామాను మొయ్యడమే అని నువ్వంటే, నా పనంతా వట్టిదే. దిగుతుంది అంటే, నీ గురించి భయపడకుండా ఎలా ఉండను?"

అనౌన్సరు తల వంచుకున్నాడు.

"ఆవిడకు ఇంకెన్నాళ్లున్నాయో తెలీదు మామా. మాటిచ్చాను."

మాటిచ్చాను అన్నదానితో మామ మెత్తబడ్డాడు. ఆయన దగ్గర మాట తప్పినవాడికి విలువ లేదు. "ఇక్కడే నిలబడి వింటాను," అన్నాడు. "నాకు నచ్చకపోతే మధ్యలో ఆపిస్తాను. ఆపితే ఆపాలి."

"ఆపుతాను."

"మీరూ ఉండండి అయ్యగారూ."

తీగలాయన వైర్ల చుట్టలు కింద పెట్టి రెండో కుర్చీ ఖాళీ చేశాడు. ఇప్పుడు ఇద్దరూ కూర్చున్నారు. ఆ కుర్చీ మామకు వచ్చింది. "కదలకండి బాబాయ్, అరుస్తుంది," అన్నాడు తీగలాయన. మామ ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటూ కూర్చున్నాడు.

అద్దం అవతల అనౌన్సరు కాగితాలు సర్దుకున్నాడు. పుస్తకం పేజీలు తిప్పితే గలగలమంటుందని పెద్ద అక్షరాలతో విడి కాగితాల మీద అచ్చు వేయించుకున్నారు. కింద తువ్వాలు పరిచి, చదివిన కాగితాన్ని దానిమీదకు జారవిడుస్తాడు. నీళ్లు ఒక గుక్క తాగాడు. తీగలాయన వైపు చూసి తల ఊపాడు.

మొదలుపెట్టాడు.

తోటలో రాత్రి, నిద్రపోతున్న శిష్యులు, దివిటీలతో వచ్చిన జనం. పేరు వచ్చింది. అనౌన్సరు ఆగాడు. పెదవులు మూసుకున్నాయి. ఆ మాట ఎంత సేపు పడుతుందో అంత సేపు ఏమీ వినిపించలేదు. తెర మీద అల చదునైపోయి ఒక గీత మిగిలింది. తర్వాత చదువు సాగింది.

మొదట్లో ఆ మౌనం కుట్టుపని వదిలేసిన చోటులా ఉంది. తెలిసిపోతోంది. తర్వాత తర్వాత, చెప్పే మనిషి ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్నట్టు అనిపించింది. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఈ భాగాన్ని ఎన్ని సార్లు చదివారో లెక్కలేదు. ఆ పేరు తర్వాత ఇంత ఖాళీ ఎప్పుడూ వినలేదు.

మామ ఈ కథను ఎవరో చెప్పగా ముక్కలు ముక్కలుగా విన్నవాడే. మొత్తం చదువుతుంటే వినడం ఇదే మొదలు. శిష్యుడే ముద్దు పెట్టుకుని యేసును పట్టించిన చోటికి వచ్చేసరికి ఆయన పక్కకు వంగాడు. కుర్చీ కిర్రుమంది. అద్దం ఇవతల ఏమన్నా మైకులో పడదు.

"వాడు తోటివాడేనా?" అన్నాడు గుసగుసగా.

"పక్కన కూర్చుని ఒకే గిన్నెలో తిన్నవాడు," అన్నారు పాస్టరుగారు.

మామ నాలుకతో చప్పుడు చేశాడు. "ముద్దు పెట్టడమెందుకు? చేత్తో చూపిస్తే పోయేది కదా."

"అదే నేనూ ఎన్నోసార్లు అనుకున్నానండీ."

మళ్లీ విన్నారు. పెద్దల సభ, అబద్ధపు సాక్ష్యాలు, కోడి కూత, చేతులు కడుక్కున్న అధికారి. అనౌన్సరు గొంతు పైకి లేవడం లేదు. కొట్టారు అన్నచోట కూడా లేవలేదు. నోట్లో ఉమ్మి మింగడానికి కూడా ఆగకుండా, ఎవరో వెనక తరుముతున్నట్టు చదువుతున్నాడు. పేరు దగ్గర మాత్రమే నిలబడుతున్నాడు. కాగితం ఒకటి జారింది. ఇంకోటి జారింది. తీగలాయన పెన్సిలు కొరుకుతున్నాడు.

మేకులు వచ్చాయి. ఎగతాళి చేసిన జనం వచ్చారు. మధ్యాహ్నం చీకటి కమ్మిన మాట వచ్చింది. ఇక యేసు గట్టిగా కేక వేసి ప్రాణం విడిచే వాక్యం మిగిలింది. దాని మొదట్లో పేరు ఉంది.

అనౌన్సరు పేరు చదివాడు. ఆగాడు.

మౌనం రావాల్సినంత వచ్చింది. దాటింది. ఇంకా సాగింది. తెర మీద గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయి, మళ్లీ మొదటికి వచ్చింది. అనౌన్సరు కాగితం మీదకు వంగి ఉన్నాడు. ముఖం కనిపించడం లేదు.

పాస్టరుగారికి అర్థమైంది అనుకున్నారు. అర్థమై సిగ్గుపడ్డారు. ముస్లిముల నమ్మకంలో యేసు సిలువ మీద చనిపోలేదు. శత్రువులు చంపలేకపోయారు, దేవుడు తన దగ్గరికి తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసి కూడా ఒక మనిషిని ఆ వాక్యం దాకా నడిపించి, అద్దం వెనక కూర్చుని చూస్తున్నాం అనిపించింది. పాస్టరుగారు చెయ్యి చాచి లోపలికి మాట వినిపించే బటన్ నొక్కారు.

"అన్నా, ఇక్కడితో ఆపేద్దాం. ఈ వాక్యం మీరు చదవక్కర్లేదు. మీ మీద ఈ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మిగతాది నేను చదువుతాను."

మామ ముఖం విప్పారింది. "చూశారా," అన్నాడు. గొంతులో గర్వం దాగలేదు. "ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాడు. ఎవరూ చెప్పకుండా ఆగాడు. ఇంత చదివినా లోపల ఏమీ చెదరలేదు. నేనే అనవసరంగా భయపడ్డాను." ఆ గర్వంలోనే లేచాడు, కుర్చీ అరిచినా పట్టించుకోలేదు. "రా అల్లుడూ, బయటికి రా. నీళ్లు తాగు."

లోపలి తలుపు తెరుచుకుంది. అనౌన్సరు బయటికి వచ్చాడు.

ముఖమంతా తడిసి ఉంది. గదిలో అందరి ముఖాలూ తడిసే ఉన్నాయి. కానీ మామ పిల్లల్ని చదివించిన మనిషి. చెమటకు తడిసిన ముఖానికీ, ఏడ్చిన ముఖానికీ తేడా ఆయనకు తెలుసు. చాచిన చెయ్యి చాచినట్టే ఆగిపోయింది.

"ఏడ్చావా?"

అనౌన్సరు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"పెద్దమ్మ గుర్తొచ్చిందా?"

"లేదు."

"ఈ ఉక్కలో ఉన్నావు. పొద్దున్నుంచీ సరిగ్గా ఏమీ తినలేదు. నీరసానికి కూడా కళ్ల వెంట నీళ్లొస్తాయి. కథ అలాంటిది. ఎవరి కథైనా అంతే, ఒక మంచివాణ్ని నలుగురూ చేరి కొడుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. కథకు ఏడ్చావు. అంతేకదా?"

మామ ఒక్కో తలుపూ తీసి చూపిస్తున్నాడు. ఏ తలుపులోంచి బయటికి వచ్చినా చాలు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతానని ఆ కళ్లు చెబుతున్నాయి. అనౌన్సరు ఒక్క తలుపు వైపూ కదల్లేదు.

"నమ్మక ఆగానని మీరనుకున్నారు మామా. అయ్యగారు కూడా అదే అనుకున్నారు." అతని గొంతు చదివీ చదివీ బొంగురుపోయింది. "నేను అందుకు ఆగలేదు."

పాస్టరుగారు గబగబా హెల్మెట్ తీసుకున్నారు. "ఇది నేను వినాల్సిన మాట కాదు. మీ ఇంటి మాట. నేను బయట ఉంటాను."

"ఉండండి అయ్యగారూ. మీరు వెళితే, మీరు లేనప్పుడు ఏదో చెప్పానంటారు."

"అన్నా, మీరు ఇప్పుడు అలసిపోయి ఉన్నారు. అలసిపోయిన మనిషి ఇలాంటి మాట ఏదీ చెప్పకూడదు. మా వైపు వచ్చే మాటైనా సరే, ఇవాళ చెప్పకండి. నేను తీసుకోను." పాస్టరుగారు హెల్మెట్‌ను కుర్చీలో పెట్టేశారు. "ఇలా వచ్చినదాన్ని నేను తీసుకోను."

మామ పాస్టరుగారి వైపు చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, దాన్ని మించిన భయం ఉంది.

"చెప్పు," అన్నాడు అల్లుడితో. "ఎందుకు ఆగావు?"

"చెబుతాను. కానీ ముందు ఆమెను పిలిపించండి."

"ఎవర్ని?"

"మీ అమ్మాయిని. ఈ మాట మొదట వినాల్సింది ఆమె. ఆమె లేనిచోట చెప్పను."

మామ గోడకు చెయ్యి ఆనించాడు. బొంత మెత్తగా లోపలికి పోయింది. ఆయనకు తెలిసిన శాస్త్రం ప్రకారం, ఒక భర్త నోటి నుంచి రాగల మాటలు కొన్ని ఉన్నాయి. మతం విడిచానన్న మాట వస్తే పెళ్లే చెల్లదు, ఆ ఇల్లు ఇక ఇల్లుగా మిగలదు. ఆ శాస్త్రం కూతురికి నేర్పింది కూడా ఆయనే.

"దానికి ఏ మాటకు ఏమవుతుందో తెలుసు అల్లుడూ," అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు మౌల్వీ లేడు, ఆడపిల్ల తండ్రి ఒక్కడే ఉన్నాడు.

"తెలుసు కాబట్టే మామా."

మామ జేబులోంచి ఫోను తీశాడు. కూతురి నంబరు దొరకడం లేదు. కళ్లజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. దొరికింది, పెట్టుకున్నాడు, అయినా అక్షరాలు కుదురుగా నిలవలేదు. చివరికి ఫోను పాస్టరుగారి వైపు చాపాడు.

"మీరు చెయ్యండి అయ్యగారూ. నా గొంతు వింటే కనిపెట్టేస్తుంది. భయపడుతుంది."

పాస్టరుగారు ఆ ఫోను తీసుకోవడానికి వెనకాడారు. తర్వాత తీసుకున్నారు. నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నారు. బొంతలు కప్పిన గదిలో ఇంకే చప్పుడూ లేదు కాబట్టి, అవతల ఫోను మోగడం నలుగురికీ వినిపించింది.

ఎత్తింది.

పాస్టరుగారు నోరు తెరిచారు. ఏ పేరుతో తనను చెప్పుకోవాలో తోచక ఒక్క క్షణం తడబడ్డారు. ఆ క్షణంలోనే అవతలి నుంచి ఆమె గొంతు వచ్చింది. నిదానంగా, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న గొంతులా వచ్చింది.

"నాన్నా, యేసు ప్రాణం పోయే చోట ఈయన ఆగిపోయారు కదూ? నాకు తెలుసు నాన్నా. ఈయన ఇంటికి తెచ్చుకున్న కాగితాలు చదివినప్పుడు నేనూ అక్కడే ఆగాను."